ఫ్లైవీల్ మీద తెల్ల చుక్క

జూన్ 4, ఆదివారం

నా రిమోట్ కారు బాదక్ ఈ రోజు మధ్యలోనే ఆగిపోయింది.

మధ్యాహ్నం ఇపో శివార్లలో మేమంతా రిమోట్ బండ్లు నడిపే మైదానానికి వెళ్ళాను. పాత తగరం గని ఇసుక అంతా ఎండకి మెరుస్తోంది. నా బండి పొగ వదలగానే గణేశన్ మొదలుపెట్టాడు. దోమల మందు బండి వచ్చింది, తలుపులు మూసుకోండి అని అరిచాడు. ప్రతి ఆదివారం ఇదే జోకు. ప్రతి ఆదివారం అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. వాళ్ళందరూ బ్యాటరీ బండ్లకి మారిపోయారు. నైట్రో ఇంధనం పోసి ఇంజన్‌తో నడిపేవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

మూడో రౌండులో గరగరమని శబ్దం. తెరిచి చూస్తే పెద్ద గేరు బోడిగుండు అయిపోయింది. ఒక పక్క పళ్ళే లేవు.

ఇంకో వార్త. బ్యాటరీ బండ్ల కెల్విన్ చెప్పాడు. జూలైతో మైదానం మూసేస్తారట, ఇళ్ళు కడతారట. జూలై ముప్పై ఆఖరి ఆదివారం.

ఇంటికి వచ్చి అలవాటు ప్రకారం ఇంజన్‌లో నూనె చుక్కలు వేసి, ఫ్లైవీల్ మీది తెల్ల చుక్క కిందికి వచ్చేదాకా తిప్పి వదిలాను. చుక్క కింద ఉంటే పిస్టన్ కింద ఉన్నట్టు. పైన వదిలేస్తే చల్లారాక చుట్టూ ఉండే గొట్టం, స్లీవ్, దాన్ని పట్టేసుకుంటుంది. మళ్ళీ నడపాలనుకునేవాడే ఈ పని చేస్తాడు. అమ్మేసేవాడు చెయ్యడు, విసిగిపోయినవాడూ చెయ్యడు.

నేను ఆ ఆఖరి ఆదివారం నడపాలి. ఎందుకో ఇక్కడ రాసుకుంటాను, ఎవరూ చదవరు కదా. పొద్దున బైకు మీద రొట్టెలు వేసుకుని వీధులన్నీ తిరుగుతాను. హారన్ కొడితే గేట్లు తెరుస్తారు. అందరూ నన్ను "రొట్టె" అనే పిలుస్తారు. రొట్టె వచ్చింది, రొట్టె ఆగు, రొట్టె, కొబ్బరి బన్నుందా. మైదానంలో మాత్రం నేను షుక్రిని. వారం మొత్తంలో నా పేరు నా చెవిన పడేది అక్కడే.


జూన్ 5

రొట్టెలన్నీ అమ్ముడయ్యాయి. గేరు దొరకలేదు.


జూన్ 7, బుధవారం

ఫూక్ అంకుల్ షాపుకి వెళ్ళాను. పదిహేనేళ్ళ కిందట బాదక్‌ని నాకు అమ్మింది ఆయనే. ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నాడు. నైట్రో సామాను వెనకగదిలో బిస్కెట్ డబ్బాల్లో ఉంది. రెండు డబ్బాలు బోర్లించి వెతికాం. బాదక్ గేరు లేదు. బాదక్ తయారుచేసిన కంపెనీయే ఇప్పుడు లేదు.

దగ్గరగా ఉండేది ఒకటి దొరికింది. వేరే బండిది. పక్కపక్కన పెడితే పళ్ళు కలిసినట్టే ఉన్నాయి. అంకుల్ మాత్రం తల అడ్డంగా ఊపాడు. కంటికి కలుస్తాయి గానీ పరుగులో కలవవు అన్నాడు. వెంట్రుకంత తేడా ఉందట.

నేను తీసుకున్నాను. ఆయన వద్దన్నాడు. నేను తీసుకున్నాను.


జూన్ 10, శనివారం

డైనింగ్ టేబుల్ మీద బిగించాను. నా భార్య సల్మియా ఉన్న రోజుల్లో ఈ టేబుల్ మీద స్క్రూడ్రైవర్ పెడితే ఇల్లు లేచిపోయేది. ఇంధనంలో కలిపే ఆముదం వాసన, స్పిరిట్ వాసన, తినే చోట ఈ దరిద్రం ఏమిటని. ఆమె జొహోర్ వెళ్ళిపోయి మూడేళ్ళు. ఇప్పుడు టేబుల్ మొత్తం నాదే. ఎవరూ ఏమీ అనరు. ఎవరైనా ఏదైనా అంటే బాగుండు.

రెండు గేర్ల మధ్య రొట్టె చుట్టే కాగితం ముక్క పెట్టి తిప్పి చూశాను. సరిగ్గా కూర్చుంటే కాగితం మీద ముడతలు సమంగా పడాలి. పడలేదు. ఒక చోట చిరిగింది, ఒక చోట నలగనే లేదు.

రేపు మెల్లగా నడుపుతాను. మెల్లగా అయితే ఏం కాదు.


జూన్ 11, ఆదివారం

మెల్లగా నడపలేదు.

కెల్విన్ బ్యాటరీ బండి నా పక్కనుంచి దూసుకుపోయింది. ట్రిగ్గర్ పూర్తిగా లాగాను. గేరు పళ్ళు ఒక్కసారిగా ఊడిపోయాయి. ఇంజన్ మీద బరువన్నది లేకుండా పోయింది. అది కీచుమని అరిచిన అరుపు ఇంకా చెవిలో ఉంది. తర్వాత టక్‌మంది. కనెక్టింగ్ రాడ్ విరిగి, లోపల పిస్టన్‌నీ స్లీవ్‌నీ చీరేసింది.

గేరుతో పోయేదాన్ని ఇంజన్ దాకా తెచ్చుకున్నాను. గణేశన్ కూడా జోకు వెయ్యలేదు.


జూన్ 15, గురువారం

నాలుగు రోజులుగా ఫోనులో వెతుకుతున్నాను. అందరూ "సెట్ అవుతుంది బ్రో" అనేవాళ్ళే. క్లాంగ్‌లో ఒకడు పిస్టన్ ఒక్కటే ఉందన్నాడు. పెనాంగ్‌లో ఒకడు స్లీవ్ ఒక్కటే ఉందన్నాడు. పిస్టన్, స్లీవ్ ఒకదానికొకటి అరగదీసి జంటగా చేస్తారు నాయనా, దేనికది కొంటే పనికిరావు అని ఇద్దరికీ రాశాను. ఒకడు నవ్వే బొమ్మ పెట్టాడు. రెండోవాడు పెట్రోల్ బండే కదా, అంత సీనెందుకు అన్నాడు. దాన్ని పెట్రోల్ బండి అన్నవాడితో నాకు మాటలు అనవసరం.

ఫూక్ అంకుల్ ఫోన్ చేశాడు, పాపం, తనంతట తనే. అదే ఫ్యాక్టరీ అదే బండిని వేరే వేరే పేర్లతో అమ్మిందట. ఒక పేరు డస్ట్ కింగ్ అని గుర్తుందట. "పేరు చూడకు, పైన రంగు చూడకు. చట్రం అడుగున రంధ్రాలు చూడు" అన్నాడు.

బాదక్‌ని తిరగేసి, అడుగున రంధ్రాలన్నీ ఫోటో తీసుకున్నాను. పదిహేనేళ్ళుగా నా దగ్గరుంది, ఒక్కసారి కూడా వాటి వంక సరిగ్గా చూడలేదు.


జూన్ 29, గురువారం

బక్రీదు. బేకరీకి సెలవు. పొద్దున నమాజుకి వెళ్ళి వచ్చాను. మసీదు నుంచి నా వాటా మాంసం పంపారు. కొంచెం వండుకున్నాను, మిగతాది ఫ్రిజ్‌లో పెట్టాను. ఒక్కడికి అది చాలా ఎక్కువ.

ఎదురింట్లో బంధువులు దిగారు. గేటు బయట వరసగా చెప్పులు. హారన్ కొడితే బయటికి వస్తారేమోనని పిచ్చి ఆలోచన వచ్చింది.

ఒంటరిగా ఉంది. అంతే.


జూలై 3, సోమవారం, మధ్యాహ్నం

దొరికింది!!

కువాలా కంగ్సార్. ప్రకటన పెట్టింది ఎవరో రుబియా. "పాత రిమోట్ కారు, పెట్రోల్‌ది, పెద్దది, నడుస్తుందో లేదో తెలియదు." ఆవిడ పెట్రోల్ అన్నందుకు క్షమించేశాను. ఫోటోలో బండి పక్కకి పడుకుని ఉంది, అడుగు కనిపిస్తోంది. నా ఫోటో పక్కన పెట్టి ఒక్కో రంధ్రం సరిచూశాను. అన్నీ అవే. పైన డస్ట్ కింగ్ స్టిక్కర్, సగం ఊడిపోయి.

నాకు ఉంచమని రాశాను. ఉంచుతానని జవాబొచ్చింది.


జూలై 5, బుధవారం, సాయంత్రం

రొట్టెలు అయిపోగానే ఖాళీ డబ్బాలతో అలాగే బైకు మీద వెళ్ళాను. నది దగ్గర చెక్క ఇల్లు. రుబియా అక్కకి యాభై దాటి ఉంటాయి. బండిని దుప్పట్లో చుట్టి గుమ్మం బయటే సిద్ధంగా పెట్టింది. గొంతు తగ్గించి మాట్లాడింది. అడిగినంత ఇచ్చాను, ఆవిడ చూసుకోకుండానే జేబులో పెట్టుకుంది. లోపల టీవీ మోగుతోంది. దాని ముందు కుర్చీలో ఎవరో మగమనిషి, వీపు మాత్రం కనిపించింది. కదల్లేదు.

దారంతా పాడుకుంటూ వచ్చాను. నాకు పాటలు రావు.


జూలై 6, గురువారం

రొట్టెల పని అయ్యాక బండి విప్పడానికి కూర్చున్నాను. ఇంధనం తీసెయ్యకుండా వదిలేసిన బండ్లు చాలా చూశాను. ట్యాంకులో జిగురు, కార్బురేటర్‌లో తుప్పు, పిస్టన్ రాయిలా పట్టేసి ఉంటాయి. దీనికీ అదే అనుకున్నాను.

ట్యాంకు కడిగి ఆరబెట్టి ఉంది. గొట్టాలు తీసి చుట్టి రబ్బరు బ్యాండు వేశారు. ఎయిర్ ఫిల్టర్ మీద గుడ్డ కప్పి కట్టారు. ఇంజన్‌లో నూనె, ఇంకా తడిగానే ఉంది. వేలితో ఫ్లైవీల్ తాకాను. వెన్నలా తిరిగింది.

దాని మీద తెల్ల చుక్క ఉంది. నాలాగే ఎవరో గోళ్ళ రంగుతో పెట్టుకున్నారు.

నేను తిప్పకముందు ఆ చుక్క సరిగ్గా కిందికి ఉంది.

స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాను. దీన్ని పెట్టినవాడు మళ్ళీ నడుపుదామనే పెట్టాడు. మరి అమ్మింది ఎవరు?


జూలై 7, శుక్రవారం

బండి ఎవరిది అక్కా అని రుబియా అక్కకి మెసేజ్ పెట్టాను. చదివినట్టు నీలం టిక్కులు వచ్చాయి. జవాబు లేదు.

చనిపోయినవాడిదై ఉంటుందిలే. చనిపోయినవాడిదైతే తప్పేముంది.

ఇంజనూ గేరూ తీసి బాదక్‌కి బిగించాను. ఒక్క రంధ్రం కూడా అటూ ఇటూ కాలేదు.


జూలై 11, మంగళవారం

రొట్టెల రౌండులో ఉండగా ఆవిడ ఫోన్ చేసింది. బైకు ఒక గోడ పక్కన ఆపి విన్నాను.

బండి వాళ్ళాయనది. యోప్ దహ్లాన్. బతికే ఉన్నాడు, కుర్చీలో నేను చూసిన వీపు ఆయనదే. ఏడాదిన్నర కిందట పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పోయింది, మాట పూర్తిగా పోలేదు గానీ ఆయనే మానేశాడు. మంచం కింద ఆ బండి పెట్టె రోజూ కంటపడుతుంటే ఆయనకి బాధేమోనని, ఆయన ఎలాగూ మరిచిపోయాడని తీసి అమ్మేసిందట. చెప్పకుండా.

తర్వాత ఆవిడ అన్న మాట ఇక్కడ అలాగే రాస్తున్నాను. "బుధవారం నించీ మంచం కింద చూస్తున్నారు తమ్ముడూ. మంచం కోడు పట్టుకుని వంగుతారు, చూస్తారు, లేస్తారు. ఏం వెతుకుతున్నారంటే చెప్పరు."

వెనక్కి ఇమ్మని అడగలేదు. ఆవిడ అడగదు కూడా, అదే నాకు కోపం తెప్పిస్తోంది. అడిగితే కాదనేవాణ్ణి.

నా వెనక ఎవరో గేటు తెరిచి, రొట్టె, ఏమైంది, హారన్ కొట్టలేదేం అని అడిగారు.


జూలై 12

ఇవ్వను. కొన్నాను. అది నాది.


జూలై 16, ఆదివారం

బాదక్‌ని మైదానానికి తీసుకెళ్ళాను. ఆయన ఇంజన్‌తో.

మొదటి ప్రయత్నానికే అంటుకుంది. ఏం గొంతు అది. నీలం పొగ, ఆముదం వాసన, ఇసుక మీద పొడుగ్గా లేచిన దుమ్ము. బ్యాటరీ బండ్ల వాళ్ళంతా తమ బండ్లు ఆపేసి చూశారు. గణేశన్ దోమల మందు మాట మరిచిపోయి, షుక్రి, ఇంకో రౌండు వెయ్యి అన్నాడు. కెల్విన్ తన కొత్త ప్రేయసికి నన్ను చూపించి, ఇతను షుక్రి, ఇపో మొత్తం మీద ఆఖరి నైట్రో మనిషి అని చెప్పాడు. నా పేరు ఈ రోజు ఎన్నిసార్లు విన్నానో.

నాకు కావలసింది ఇదే కదా. వచ్చేసింది.

ఇంటికొచ్చి నూనె వేసి, చుక్క కిందికి తిప్పుతుంటే చెయ్యి ఆగిపోయింది. ఆ చుక్క నేను పెట్టింది కాదు. నా చుక్క విరిగిన ఇంజన్ మీద, చెత్తడబ్బా పక్కన ఉంది. ఇంకొకడి చుక్కని నేను కిందికి తిప్పుతున్నాను. ఆ మనిషి మంచం కింద వెతుకుతున్నాడు.

భోజనం చెయ్యలేదు.


జూలై 17, సోమవారం

ఇచ్చేస్తున్నాను. మంచివాణ్ణని కాదు. ఆ చుక్క అర్థం నాకు తెలుసు. రుబియా అక్కకి తెలియదు, కొనేవాడు ఇంకెవడైనా అయినా తెలిసేది కాదు. నాకు తెలియడమే నా ఖర్మ.

ఇంజను, గేరు తిరిగి డస్ట్ కింగ్‌లో పెట్టాను. అప్పుడు ఒకటి తట్టింది. దాన్ని స్టార్ట్ చెయ్యడానికి తాడు లాగాలి. ఒక చేత్తో బండి నొక్కి పట్టుకుని, ఇంకో చేత్తో తాడు. ఒక్క చెయ్యి ఉన్నవాడు లాగలేడు.

బాదక్ పాత ఇంజన్‌కి తాడు లేదు. రొట్టెల పెట్టె మోసి మోసి భుజం పట్టేయడంతో రెండేళ్ళ కిందట డ్రిల్లులాంటి స్టార్టర్ పెట్టించుకున్నాను. వెనక గుచ్చి మీట నొక్కితే చాలు. ఇంజన్ వెనక పలకకి నాలుగు స్క్రూలు. రెండు బండ్లకీ అవే నాలుగు రంధ్రాలు.

బాదక్‌ది తీసి దానికి బిగించాను. మంచి టైర్లు కూడా. స్టీరింగ్ మోటారు కూడా. ఇచ్చేదేదో సరిగ్గా ఇవ్వాలి.

ముప్పయ్యో తేదీకి నా దగ్గర బండి ఉండదు.


జూలై 22, శనివారం

నిన్నే రాయాల్సింది, కాదు, ఇది ఈ రోజుదే. తల తిరుగుతోంది, వరసగా రాస్తాను.

ముందే ఫోన్ చేసి వెళ్ళాను. రుబియా అక్క నా పేరు అడిగింది, ఇన్నాళ్ళకి. టీవీ ఆపేసి, యోప్ అన్న కుర్చీ తలుపు వైపు తిప్పింది. అరవై ఏళ్ళ మనిషి. గడ్డం ఎవరో గీసిపెట్టినట్టు ఒక పక్క మిగిలిపోయి ఉంది. నేను దుప్పటి విప్పి బండిని ఆయన ముందు స్టూలు మీద పెట్టాను.

ఆయన దాని పైభాగం చూడలేదు. ఎడమచెయ్యి నేరుగా చట్రం కిందికి పోయింది. వేళ్ళతో తడుముతూ ఫ్లైవీల్ దగ్గర ఆగింది. తల వంచి చుక్క చూశాడు. కింద ఉంది. అప్పుడు తలెత్తి నన్ను చూశాడు.

పెరట్లోకి తీసుకెళ్ళాం. ట్యాంకు నింపాను, ఇంధనాన్ని రగిలించే గ్లో ప్లగ్ వెలిగించి పెట్టాను. స్టార్టర్ ఆయన ఎడమచేతిలో పెట్టి, ఎక్కడ గుచ్చాలో చూపించాను. చూపించక్కరలేకపోయింది. రెండోసారికే అంటుకుంది. పక్కింటి కోళ్ళు కంచె దూకి పారిపోయాయి. రుబియా అక్క చెవులు మూసుకుంది.

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత నోరు ఒక పక్కకి లాగుతూ ఒక్కమాట అన్నాడు.

"చిక్కగా ఉంది."

నిజమే. ఇంధనం ఎక్కువ పోతోంది. నేను పట్టించుకోలేదు, ఆయన చెవి పట్టేసింది. నేను కార్బురేటర్ సూదిని కొంచెం బిగించాను. ఇంకా అన్నట్టు వేలు ఊపాడు. ఇంకొంచెం. గొంతు సాఫీ అయింది. ఆయన తల ఊపాడు. అక్క చెవుల మీంచి చేతులు తీసేసింది. ఆయన మాట్లాడి ఎన్ని రోజులైందో నాకు తెలియదు. ఆవిడ మొహం చూస్తే అడగబుద్ధి కాలేదు.

రిమోట్ ఇచ్చాను. అప్పుడు తెలిసింది నేను చేసిన తెలివితక్కువ పని. స్టార్టర్ గురించి అంత ఆలోచించాను, దీని గురించి ఆలోచించనేలేదు. రిమోట్ పిడి ఎడమచేతికి, ట్రిగ్గర్ ఎడమవేలికి. తిప్పే చక్రం మాత్రం కుడిచేతికే. ఆయన ట్రిగ్గర్ లాగాడు. బండి తిన్నగా వెళ్ళి అరటిచెట్టుకి గుద్దుకుంది.

ఆయన రిమోట్ నా వైపు చాచాడు, నువ్వే నడుపుకో అన్నట్టు. నేను తీసుకోలేదు. ఆయన కుడిపక్కకి వెళ్ళి, భుజానికి భుజం ఆనించి నిలబడి, చక్రం మీద నా చెయ్యి పెట్టాను.

అరటిచెట్టు చుట్టూ తిప్పాం. వేగం ఆయనది, మలుపు నాది. మొదట్లో రెండూ కుదరలేదు. నేను తిప్పేలోపే ఆయన లాగేసేవాడు. తర్వాత ఆయన మెల్లగా పోనిచ్చాడు, నేను ఆయన వేలు చూడడం నేర్చుకున్నాను.

ట్యాంకు అయిపోయింది. ఆముదం వాసన పెరడంతా. అక్క అన్నం పెట్టింది. చేపల పులుసు, రెండోసారి కూడా వేసింది. ఇంకొకరి పక్కన కూర్చుని తిని ఎంతకాలమైందో.


జూలై 30, ఆదివారం

ఆఖరి ఆదివారం.

నేను పిలిస్తే యోప్ అన్నా రుబియా అక్కా బండి తీసుకుని వాళ్ళ మేనల్లుడి కారులో వచ్చారు. మైదానం అంచున అప్పటికే మట్టి తవ్వే పసుపు యంత్రం ఒకటి నిలబడి ఉంది. అందరూ వచ్చారు. ఎన్నో ఏళ్ళుగా రానివాళ్ళు కూడా. యోప్ అన్నకి కుర్చీ వేశాం, ఆయన కూర్చోలేదు. నా భుజం ఆనుకుని నిలబడ్డాడు.

ఇద్దరం ఒక రిమోట్ పట్టుకోవడం చూసి గణేశన్ ఊరుకుంటాడా. "ఒక బండికి ఇద్దరు డ్రైవర్లా? లైసెన్సు ఎవరిదో చెప్పండి ముందు." అందరూ నవ్వారు. యోప్ అన్న కూడా, ఒక పక్కనే.

అంటించాం. పొగ లేచింది. నా బాదక్ ఇంట్లో టేబుల్ మీద ఖాళీ చట్రంగా ఉంది. దాని టైర్లు ఇక్కడ పరిగెడుతున్నాయి, దాని స్టార్టర్‌తోనే ఇది లేచింది. బాధగా లేదని రాస్తే అబద్ధం. కొంచెం ఉంది.

మూడో రౌండులో ఇసుకదిబ్బ దగ్గర నేను ఏమరుపాటుగా ఉన్నాను. ఆ యంత్రం వంక చూస్తున్నాను. భుజం పక్కన ఆయన ఊపిరి బిగబట్టడం తెలిసింది. మాట కోసం పెనుగులాడుతున్నాడు. తర్వాత వచ్చింది, ముద్దగా, కానీ పూర్తిగా.

"ఎడమకి, షుక్రీ."

తిప్పాను.

సాయంత్రం అందరూ చేతులు కలుపుకుని విడిపోయారు. ఫోన్ చేసుకుందాం అన్నారు. చెయ్యరు, తెలుసు. నేను నూనె సీసా తీశాను. యోప్ అన్న నా చేతిలోంచి లాక్కున్నాడు. తనే వేశాడు, సగం ఇసుక పాలైంది. ఎడమ బొటనవేలితో ఫ్లైవీల్ తిప్పుతూ, తిప్పుతూ, చుక్క కిందికి వచ్చాక ఆపాడు. నేను చూశానో లేదో అని నా వైపు చూశాడు.

చూశాను అన్నాను.


ఆగస్టు 6, ఆదివారం

మైదానం చుట్టూ రేకులు కొట్టేశారు. బాదక్ చట్రాన్ని టేబుల్ మీంచి తీసి అలమరలో పెట్టాను. చాలా రోజులకి టేబుల్ దగ్గర కూర్చుని తిన్నాను. ఒక్కణ్ణే.

బండి కువాలా కంగ్సార్‌లో, మంచం కింద ఉంది. చుక్క కిందికి ఉంది.